ఉప్పునీళ్ళలో ఉతుకు

రంగం (రంగూన్) వెళ్ళినవాళ్ళ మాట వస్తే మా ఉత్తరాంధ్రలో ఎవరైనా కూలీల సంగతే చెబుతారు. ధాన్యం మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్ళు, రేవులో సరుకు దింపినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షా అరవై వేల పైమాటే. అంతమంది బతికిన చోట వాళ్ళ బట్టలు ఎవరో ఒకరు ఉతికే ఉంటారు కదా. మా అమ్మ తండ్రి ఆ పని చేశాడు. చోడవరం చాకలి ఆయన. నేనూ చాకిరేవులో పెరిగినదాన్నే కాబట్టి, ఆయన చెప్పగా విన్నదీ నేను చూసిందీ కలిపి రాస్తున్నాను.

రంగం సంగతికి ముందు ఉబ్బ గురించి, అంటే బట్టల్ని ఆవిరి మీద ఉడికించడం గురించి చెప్పాలి. అది తెలియకపోతే ఓడమీద తాతకు వచ్చిన కష్టం అర్థం కాదు.

ఉబ్బకి మూలం చవుడు. ఎండాకాలం పంట తీసేసిన పల్లపు భూముల్లో నేలమీద తెల్లగా పొంగే మన్ను అది. తెల్లవారుజామున, మంచు ఆరకముందే, చీపురుతో ఊడ్చి తట్టల్లోకి ఎత్తేవాళ్ళు. వానలు పడితే కరిగిపోతుంది కనక ఏడాదికి సరిపడా ముందే పోగేసుకోవాలి. మా మామ్మ చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని చూసేది. చుర్రుమంటే చవుడు. ఉప్పగా ఉంటే వదిలెయ్యడమే, అది దేనికీ పనికిరాదు. చవుట్లో ఉండేది సోడా. బట్టల్లోని జిడ్డుతో అది కలిసి ఉడికితే ఆ జిడ్డే సబ్బుగా మారుతుంది. సైన్సు పుస్తకంలో ఈ ముక్క చదివిన రోజున మామ్మ నాలుక గుర్తొచ్చి నాకు ఒళ్ళు పులకరించింది.

చవుడు కలిపిన నీళ్ళు తేర్చి, అందులో బట్టలు ముంచి, సగం పిండి, సాయంత్రం బాన చుట్టూ పేర్చేవాళ్ళు. బాన సగం వరకు పొయ్యిలో పాతేసి ఉంటుంది, లోపల నీళ్ళు. మూతి చుట్టూ ముందు దుప్పట్లు, మోటు పంచెలు, వాటిమీద చీరలు, అన్నిటికంటే పైన పలచటి కండువాలు. మధ్యలో ఆవిరి ఎక్కే దారి వదిలి గోపురంలా కట్టి, పైన పాత గోనె కప్పేవాళ్ళు. రంగు బట్టలు ఉబ్బలో పెట్టరు, పట్టు అసలే పెట్టరు, వాటికి కుంకుడు రసం. మంటకి మా వైపు ఎండు చెరకు ఆకుకి కొదవ లేదు. అయితే అది భగ్గుమని ఆరిపోతుంది. అందుకని ఎవరో ఒకరు రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చోవాలి. తెల్లారేసరికి గోనె పైనుంచి ఆవిరి రావాలి. వస్తే ఉబ్బ దిగినట్టు. వేడి ఆరకుండానే మూటలు గెడ్డకు, అంటే వాగుకు, మోసుకెళ్ళి బండమీద బాదేవాళ్ళు. ఇందులో సబ్బు ముక్క ఒక్కటీ లేదు.

సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది 1888లో. చాకిరేవు దాకా రావడానికి దానికి చాలా కాలం పట్టింది, వచ్చినా చాకలి కొనే ధరలో లేదు. కాబట్టి మా పని అంతా రెండిటి మీదే నడిచింది: మంచి చవుడు, మంచి నీళ్ళు. గెడ్డలో ఏ మలుపు దగ్గర నీళ్ళు మెత్తగా ఉంటాయో, శారదా నదికి వరద వచ్చి బురద తేరడానికి ఎన్నాళ్ళు పడుతుందో, ఏ బావి నీళ్ళకి తెల్లబట్ట పసుపెక్కుతుందో చాకలి ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

ఇంత నీటి జ్ఞానం వంటబట్టిన మనిషి సముద్రం మీదకి వెళ్ళాడు.

విశాఖ హార్బరు తెరిచింది 1933లో. తాత వెళ్ళింది అంతకు ముందు. అప్పట్లో ఓడ దూరంగా లంగరేసుకుని ఉండేది, జనాన్ని మసూలా పడవల్లో అలలు దాటించి ఎక్కించేవాళ్ళు. కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన పడవలవి. ఆ దాటడంలోనే అందరూ తడిసి ముద్దయ్యేవాళ్ళు. ఆ తర్వాత నాలుగైదు రోజులు డెక్కు మీదే తిండి, నిద్ర, వాంతులు, అన్నీ. తాగడానికి కొలిచి పోసే నీళ్ళు. దిగే రోజు దగ్గరపడింది. తెచ్చిన మనుషుల్ని మిల్లువాళ్ళకి అప్పజెప్పాల్సిన మేస్త్రీకి మాసిన పంచెతో దిగడం నామోషీ అనిపించింది. తాతని పిలిచి, “ఒరే, నువ్వు సాకలోడివి గదా, దీన్ని ఉతుకు” అన్నాడట.

తాడు కట్టిన బకెట్టుతో సముద్రపు నీళ్ళు తోడాడు తాత. మేస్త్రీ ఇచ్చిన సబ్బు రుద్దితే నురగ రాలేదు. విరిగిన పాలలా తెట్టు కట్టి పంచెకి అంటుకుంది. “సంద్రం నీళ్ళు సబ్బుని తినేత్తాయే గుంటా” అనేవాడు నాతో. సముద్రపు నీళ్ళలో ఉండే మెగ్నీషియం, కాల్షియం మామూలు సబ్బుని పట్టేసుకుంటాయి, నురగ కట్టనివ్వవు. ఓడ కలాసీ ఒకడు చూసి తన దగ్గరున్న సబ్బు ఇచ్చాడు. అది కొబ్బరినూనెతో చేసింది. ఉప్పునీళ్ళలోనూ కరుగుతుంది కనక ఓడల్లో దాన్నే వాడేవాళ్ళు. మురికి పోయింది, పంచె తెల్లబడింది. ఐతే ఆరలేదు. నేతలో ఉప్పు మిగిలితే గాలిలో చెమ్మ లాగుతూనే ఉంటుంది, మధ్యాహ్నం పెళపెళలాడిన గుడ్డ రాత్రికి మళ్ళీ చల్లబడుతుంది, కట్టుకుంటే తొడలు ఒరిసిపోతాయి. తాత ఆ పూట తన వాటా తాగునీళ్ళలో సగం పోసి జాడించాడు. దాహానికి ఓర్చుకుని మరీ చేసిన పని అది. మేస్త్రీ ఒక అణా ఇచ్చాడు.

ఆ అణా గురించి తాత చివరిదాకా చెప్పాడు. ఎందుకో నాకు పెద్దయ్యాకే బోధపడింది. అంతవరకూ ఆయన ఉతికిన బట్టకి ధర లేదు. చోడవరంలో మాకు ముట్టేది మేర. ఏడాదికోసారి కళ్ళంలో, రైతు కొలతలన్నీ అయ్యాక, ఇంటికి ఇన్ని కుంచాలని కొలిచి పోసేవాడు. పంట పోతే మేర లేదు, మైల బట్టలు మాత్రం ఆగవు. పురుటి గుడ్డలు, ముట్టు గుడ్డలు, శవం మీది గుడ్డలు అన్నీ మావాళ్ళే మోశారు. రాత్రిపూట మా ఆడవాళ్ళు గిన్నె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళలో దివిటీ పట్టాలి, పావడలు పరవాలి. తల నెరిసిన చాకలిని పదేళ్ళ గుంటడు “ఒరే” అని పిలిచేవాడు. ఇదంతా మర్యాదగానే సాగిందని, ఊరంతా ఒక కుటుంబంలా ఉండేదని ఇప్పటికీ కొందరు రాస్తారు. ఆ కుటుంబంలో గిన్నె పట్టుకుని గుమ్మం బయట నిలబడింది ఎవరో వాళ్ళు రాయరు.

రంగంలో తాత ఒక లాండ్రీలో చేరాడు. లెక్క బట్టకింత. నగర జనాభాలో సగానికి పైగా మనదేశం వాళ్ళే ఉన్న రోజులవి; ఆఫీసు గుమాస్తాలకి రోజూ తెల్ల చొక్కా కావాలి, గంజి కావాలి, ఇస్త్రీ కావాలి. వందల ఇళ్ళ బట్టలు కలిసిపోతే విడదీయడానికి గుర్తులు కావాలి. ఆ గుర్తుల పని తాతది. నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట అంచున చుక్కో గీతో పెట్టి, సున్నం అద్దితే నల్లగా పట్టేస్తుంది. బట్ట చిరుగుతుంది గాని గుర్తు పోదు. రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి. తాత కుడిచేతి వేళ్ళకి ఆ మచ్చలు చివరిదాకా ఉన్నాయి.

1930 మే నెలలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకీ బర్మావాళ్ళకీ రేగిన గొడవలో చాలామంది చచ్చిపోయారు. తాత అప్పుడూ అక్కడే ఉన్నాడు, దాని గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక లక్షల మందితో పాటు ఆయనా నడక పట్టాడు. చోడవరం చేరేనాటికి విశాఖ మీద కూడా బాంబులు పడి జనం పల్లెలకి పారిపోతున్నారు.

వచ్చాక తాత ఊళ్ళో ఒక మాట అడిగాడు: మేర వద్దు, బట్టకింత ఇవ్వండి. పెద్దలు ఒప్పుకోలేదు. అప్పటికి ఆ మాట అక్కడే ఆగింది. ఆయన మళ్ళీ బాన దగ్గర కూర్చున్నాడు. మా అమ్మకి జీడిగుర్తులు నేర్పాడు. ఆమె బడికి వెళ్ళలేదు గాని, ఊళ్ళో ప్రతి ఇంటి గుర్తూ ఆమెకి కంఠతా.

మేరని చివరికి మాన్పించింది మేము కాదు, పౌడరు. 1959లో సర్ఫ్ వచ్చింది, 1969లో నిర్మా. ఈ పౌడర్లు సబ్బు జాతివి కావు. చప్ప నీళ్ళైనా, సున్నపు నీళ్ళైనా, ఉప్పు నీళ్ళైనా నురగ కడతాయి. వాటి వెనకే బోర్లు వచ్చాయి. బోరు నీళ్ళలో సబ్బు విరిగిపోయేది, పౌడరుకి ఆ బెంగ లేదు. దాంతో నీటిని ఎరిగిన మనిషి అక్కర తీరిపోయింది. ఎవరి దొడ్లో వాళ్ళే ఉతుక్కున్నారు. చాకలికి ఇస్త్రీ మిగిలింది, దానికి మాత్రం బట్టకింత అనే లెక్క కుదిరింది. తాత అడిగిన ధర ఆయన పోయాక, ఆయన పనిలో పావు వంతుకి వచ్చింది.

మా చెల్లెలి కొడుకు విశాఖ ఫిషింగ్ హార్బరులో సోనా బోటు మీద పనిచేస్తాడు. ఒకసారి వెళితే పది పదిహేను రోజులు సముద్రం మీదే. తాగునీళ్ళు డ్రమ్ముల్లో తీసుకెళతారు, బట్టలకి ఆ నీళ్ళు ముట్టుకోనివ్వరు. బకెట్టు సముద్రపు నీళ్ళలో పౌడరు వేసి తొక్కి, తాడుకి కట్టి ఆరేస్తారు. నురగ బాగానే వస్తుందట. ఆరడం దగ్గర మాత్రం తాత చెప్పినదే: రాత్రికి మళ్ళీ చెమ్మ. వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఇంటికొచ్చి ముందు చేసే పని ఉప్పు పట్టిన దుప్పట్లు మంచినీళ్ళలో రెండు రోజులు నానబెట్టడం.

ఆ మంచినీళ్ళ సంగతీ మారింది. శారద మీద దేవరాపల్లి దగ్గర కట్టిన రైవాడ జలాశయం నీళ్ళు విశాఖ నగరానికి తాగునీరుగా పోతున్నాయి. ఎండాకాలం మా గెడ్డల్లో ఉతకడం మాట అటుంచి, పశువులు తాగడానికే నీళ్ళు చాలవు. ప్రభుత్వం 2020 నుంచి కొన్నేళ్ళు షాపులున్న రజకులకి ఏడాదికి పదివేలు ఇచ్చింది. మా వీధిలో కొందరికి అది ఇస్త్రీ బల్లకీ పెట్టెకీ పనికొచ్చింది. మా పిల్లలు చదువుకుని గెడ్డకి దూరమయ్యారు, అందుకు నాకు సంతోషమే. ఆ గిన్నె మళ్ళీ ఎవరూ పట్టకూడదు.

కానీ ఉబ్బ వేయడం తెలిసిన మనిషి మా వీధిలో ఇప్పుడు మా పిన్ని ఒక్కతే. మొన్న వేసవిలో ఆమెని ఆటోలో కూర్చోబెట్టుకుని చవుడు కోసం ఊళ్ళ వెంట తిరిగాను. పాత చవుడు నేలల్లో ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు వేశారు. చివరికి ఒక చెరువు గట్టు కింద తెల్లటి పొర కనబడింది. పిన్ని వంగి చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకుంది. “ఇది సవుడే, రెండు తట్టలెత్తు” అంది.