డప్పుకు కులముంది, ‘జానపదా’నికి లేదట!

ఇస్నాపూర్ చౌరస్తా దాటినాక ఒక పెళ్లి బరాత్ వెంట మేము కొంతదూరం నడిచాం. ముందు డీజే బండి, దాని వెనుక నలుగురు పిల్లలు. ఒకే రంగు టీషర్టులు, భుజాలకు ఫైబర్ డప్పులు. బండి మీద ‘తెలంగాణ ఫోక్’ అని రాసి ఉంది. డీజే ఆగినప్పుడే వాళ్ల దరువు వినిపిస్తుంది. అది మళ్లీ మొదలైతే వాళ్లు కొడుతున్నారో లేదో పక్కన నడిచేవాళ్లకే తెలియదు. తీన్మార్ అయిపోయాక ‘మీరు ఏ వాడోళ్లు తమ్మీ’ అని అడిగితే, ఒకడు మా ముఖం వంక చూసి ‘ఫోక్ ఆర్టిస్టులం సార్’ అన్నాడు. ఆ జవాబు తప్పని మేము అనం. కాలేజీకి పోయిన రోజుల్లో మా ఇంట్లోవాళ్లు మాకూ అటువంటి జవాబే నేర్పి పంపారు. కానీ మాదిగ డప్పు ‘ఫోక్’ ఎట్లయింది, ఆ మార్పులో ఎవరికి ఏం దక్కింది అన్నది అడగాల్సిన ప్రశ్నే.

డప్పు ఊరికే పుట్టలేదు. కట్టె పలకను గుండ్రంగా చేయాలి, మేకతోలు నానబెట్టి వెంట్రుక తీయాలి, చింతగింజల జిగురుతో పలకకు బిగించాలి. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. తేమ తగిలితే తోలు వదులై దరువు చస్తుంది. గడ్డిమంటకు కాపితే మళ్లీ లేస్తుంది. చావుకొక దరువు, పెళ్లికొకటి, జాతరకొకటి, దండోరాకొకటి. ఇన్ని తెలిసినవాణ్ణి ఊరు విద్వాంసుడని పిలవలేదు, వెట్టివాడన్నది. చచ్చిన గొడ్డును మోసిన చేయి, ఆ తోలును శుద్ధి చేసిన చేయి, దాన్ని వాయించిన చేయి ఒక్కటే గనుక సంగీత చరిత్రలు రాసిన పండితులకు అది సంగీతంలా వినిపించలేదు. ఫైబర్ డప్పుకు ఆ మంట అక్కరలేదు. తోలు పని తెలిసినవాడూ అక్కరలేదు.

మెదక్ జిల్లాలో ఈ వెట్టి సడలడానికి ఉద్యమాలు ఎంత కారణమో కంపెనీలు అంత కారణం. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ లేచింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచింది. ఆ దశాబ్దంలోనే యెద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో పొగగొట్టాలు మొలిచాయి. నక్కవాగు నీళ్లు రంగు మారాయి. దినకూలి చేతికొచ్చినాక పటేలు పిలిస్తే డప్పు పట్టుకుని పరుగెత్తాల్సిన పని తగ్గింది. అయితే మనోళ్లలో చాలామందికి దొరికింది కాంట్రాక్టరు కింద రసాయనాల డ్రమ్ములు దొర్లించే పని. మా నాయిన తరం డప్పు వదిలి డ్రమ్ము పట్టింది. మా తాత డప్పును గోడకు తగిలించి ఇక ముట్టొద్దన్నాడు. మా చిన్నాయన దాన్నే దించి మీటింగులకు పోయాడు. ఒకే ఇంట్లో ఈ రెండూ ఆత్మగౌరవమే. ఏది సరైనదో ఇప్పటికీ మేము తేల్చుకోలేదు.

చిన్నాయన పోయిన మీటింగుల్లో ఉన్నది జననాట్యమండలి పాట. 1972లో మొదలైన ఆ సంస్థకు గొంతైన గద్దర్ ఈ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టినవాడు. 1979లో తయారైన ‘మా భూమి’ సినిమాలో బండి యాదగిరి పాటను ఆయన తెరమీద పాడాడు. గోచి, గొంగడి, కర్ర, గజ్జెలతో వేదికెక్కి, ఊరు చిన్నచూపు చూసిన ఆటపాటను లక్షలాది జనం ముందు నిలబెట్టాడు. క్యాసెట్లు పటాన్‌చెరు కార్మికుల గదుల్లో కూడా మోగాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ అక్కడ డప్పు ‘ప్రజల వాద్యం’ అయింది, మాదిగ వాద్యం కాలేదు. కులం పేరును ముందు చెరిపింది మార్కెట్టు కాదు, వర్గం మాట. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినాక, 1994లో దండోరా ఉద్యమం మొదలైనాకనే డప్పు మళ్లీ తన కులం పేరు తాను చెప్పుకోగలిగింది.

ఆ వెంటనే ప్రాంతం మాట వచ్చింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరా తిరిగింది. మేమూ ఆడాం, పాడాం, రాష్ట్రం కావాలన్నాం. 2014లో రాష్ట్రం వచ్చినాక సాంస్కృతిక సారథి పేరుతో కళాకారులకు ప్రభుత్వం నౌకరీలిచ్చింది. మంచిదే. వాళ్లు ఊళ్లకు పోయి చేసే పనిలో ప్రధానమైనది ప్రభుత్వ పథకాల ప్రచారం. దండోరా మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి జీతంతో!

సినిమా సంగతి ఇంకొక తీరు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు సుద్దాల అశోక్‌తేజ ఒక పాత జానపదాన్ని పల్లవిగా తీసుకుని పాట రాశారు. అది తన అమ్మమ్మ దగ్గర నేర్చుకుని తాను టీవీ వేదిక మీదికి తెచ్చిన పాట అని వరంగల్ ప్రాంతపు గాయని కోమలి వాదించింది. సినిమాలో పాడింది మంగ్లీ. గొడవ ఇద్దరు ముగ్గురి మధ్య నడిచింది గానీ అసలు చిక్కు చట్టంలో ఉంది. కాపీరైటు రచయిత జీవితకాలానికి, ఆ తర్వాత 60 ఏండ్లకు వర్తిస్తుంది. నాట్లలో, తిరగలి దగ్గర పుట్టిన పాటకు రచయిత పేరు లేదు గనుక హక్కుదారూ లేడు. దాన్ని తీసుకుని కొత్త చరణాలు రాసినవాడికి మాత్రం ఆ చరణాల మీద హక్కు వస్తుంది. దర్శనం మొగులయ్య సంగతీ చూడండి. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో, 2022లో పద్మశ్రీతో ఆయన పేరు అందరికీ తెలిసింది. ఆయన కిన్నెర డక్కలి కులస్తుల వాద్యమని, డక్కలివాళ్లు మాదిగల దగ్గర యాచించే ఆశ్రిత కులమని తెలిసినవాళ్లు ఎందరు?

అమెరికాలో కంట్రీ మ్యూజిక్ నడిచిన దారి కూడా దీనికి దూరం కాదు. దాని గుర్తు అయిన బాంజోకు మూలం ఆఫ్రికా బానిసలు తెచ్చిన వాద్యాలు. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటను ‘రేస్’ అని, తెల్ల పల్లెటూరి పాటను ‘హిల్‌బిల్లీ’ అని వేర్వేరు అరల్లో పెట్టి అమ్మాయి. ఏ.పి. కార్టర్ వెంట కొండ ఊళ్లు తిరిగి రాగాలు గుర్తుపెట్టుకుని ఇచ్చిన లెస్లీ రిడిల్ నల్లవాడు. పాటల మీద పేరు మాత్రం కార్టర్‌ది. మౌతార్గాన్ వాద్యకారుడు డిఫోర్డ్ బెయిలీని గ్రాండ్ ఓల్ ఆప్రీ 1941లో పంపేసింది. అక్కడ దక్షిణాది పేరు మీద నల్లరంగు మరుగయింది. ఇక్కడ తెలంగాణ పేరు మీద కులం మరుగవుతున్నది. 2024లో అందెశ్రీ గీతానికి కీరవాణి సంగీతమెందుకని తెలంగాణ సినీ సంగీతకారులు అభ్యంతరం చెప్పారు. అడగదగ్గ మాటే. అయితే ఆ వాదులాటంతా సంగీత దర్శకుడు ఏ ప్రాంతంవాడన్న దగ్గరే ఆగింది.

వేరే దారి ఈ జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ పక్క మాచునూరులో డీడీఎస్ సంఘం ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, 1990ల చివర్లో యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. అయినా విత్తనాల పాటలు, పండుగ పాటలు, మందుమాకుల ముచ్చట్లు ఏళ్ల తరబడి టేపుల మీద ఎక్కించి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు. పాడింది ఫలానా ఊరి ఫలానా ఆమె అని అక్కడ చెబుతారు, రాగం వాళ్లదే, యాస వాళ్లదే. దాని తరంగం మాత్రం ఇస్నాపూర్ దాకా రాదు.

బరాత్‌లో కలిసిన పిల్లల్లో ఒకడి ఇంటికి తర్వాత పోయాం. ఫైబర్ డప్పు బీరువా మీద ఉంది. వంటింటి గోడకు, పొగ తగిలే చోట, తోలు డప్పు ఒకటి వేలాడుతున్నది. దాన్ని బరాత్‌లకు తీసుకుపోరట, వాడలో ఎవరైనా పోయినప్పుడే దించుతారట. ఎందుకని అడిగితే వాళ్ల నాయనమ్మ అన్నది: ‘మా సావుకు డీజే రాదు గదా బిడ్డా.’