ఎక్స్‌పీ లోపలికి ప్రింటరు

కల్లూరు మెయిన్‌రోడ్డు. సత్తుపల్లి బస్సు హారన్ కొట్టుకుంటూ పోతోంది. డీటీపీ షాపులో మీరు కుర్చీ ముందుకు లాక్కుంటారు. కౌంటరు అవతల పెళ్లికూతురి మేనమామ నిలబడ్డాడు.

"ప్రూఫ్ ఇవాళే అవుద్దా తమ్ముడూ?"

"అవుద్ది బాబాయ్, కూర్చోండి."

కంప్యూటరు కొత్తది, విండోస్ 11. షాపు బతుకు మాత్రం పాతదాంట్లోనే ఉంది: పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి కొట్టిన శుభలేఖల ఫైళ్లు. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు పోయి పిచ్చిగుర్తులు మిగులుతాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. షాపులో దాన్ని నడిపేది విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న వదిలేసింది. మీరు వదల్లేదు. కంప్యూటర్లోనే మరో కంప్యూటరును నడిపే వర్చువల్‌బాక్స్ కిటికీలో ఎక్స్‌పీ పచ్చటి కొండ, నీలాకాశం అలాగే ఉన్నాయి.

కార్డు సిద్ధం. కంట్రోల్, పీ నొక్కుతారు. ప్రింటర్ల జాబితా ఖాళీ.

మోచేతి పక్కనే కానన్ ఎల్‌బీపీ2900 లైటు వెలుగుతోంది. అది బయటి విండోస్ చేతిలో ఉంది, యూఎస్‌బీ పరికరం ఒకేసారి ఇద్దరి చేతుల్లో ఉండదు. పీడీఎఫ్ చేసి బయటనుంచి కొట్టుకోవచ్చుగా అంటారు కొందరు. కొట్టొచ్చు. కార్డు మార్జిను మిల్లీమీటరు జరిపిన ప్రతిసారీ మళ్లీ పీడీఎఫ్ చేయాలి. పెళ్లిళ్ల సీజన్లో ఆ ఓపిక వాళ్లకుంటే ఉండనీ.

ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్ తెరుస్తారు. యూఎస్‌బీ కంట్రోలరు 3.0 మీద ఉంది. దానికి ఎక్స్‌పీ దగ్గర డ్రైవరు లేదు. 2.0కి మారుస్తారు. ఒకప్పుడు దీనికోసం ఎక్స్‌టెన్షన్ ప్యాక్ విడిగా ఎక్కించాల్సి వచ్చేది, వర్చువల్‌బాక్స్ 7.0 వెర్షను నుంచి లోపలే ఇచ్చేశారు. నెట్‌వర్క్ టిక్కు తీసే ఉంది, అలాగే ఉండనిస్తారు. ఇన్నేళ్లుగా మందూమాకూ లేని ఎక్స్‌పీని ఇంటర్నెట్లోకి పంపితే అంతే సంగతులు. కానన్ వాళ్ల 32 బిట్ డ్రైవరును బయటే దించుకుని, ఎక్స్‌పీని మళ్లీ లేపి, షేర్డ్ ఫోల్డరులోంచి లోపలికి లాగుతారు.

వేరే ఏ లేజరు డ్రైవరో వేస్తే నడవదు. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ రెండూ ఈ ప్రింటరుకు రావు. పేజీని చుక్కలుగా మార్చి పంపేది కంప్యూటర్లోని కానన్ సొంత క్యాప్ట్ డ్రైవరే. కాగితం ఉందా, ఇరుక్కుందా అని ప్రింటరును అడిగి తెలుసుకునేదీ అదే. అందుకే దీనికి కేబులు సాక్షాత్తూ లోపలికే అందాలి.

సెటప్ నడుస్తుంది. కేబులు కలిపి ప్రింటరు ఆన్ చేయమంటుంది. కేబులు గుచ్చే ఉంది కదా! ఇక్కడ కలపడమంటే, పైన డివైసెస్ మెనూలో యూఎస్‌బీ కింద కానన్ పేరు మీద టిక్కు పెట్టడం. పెడతారు. పరికరం బిజీగా ఉందంటూ ఎర్రర్. బయటి విండోస్ క్యూలో పొద్దున్నే ఆగిపోయిన ఆధార్ ప్రింటొకటి వేలాడుతోంది. దాన్ని తీసేసి, కేబులు ఊడదీసి, గుచ్చి, మళ్లీ టిక్కు.

బయట పరికరం ఊడిన చప్పుడు. ఆ వెంటనే లోపల పరికరం తగిలిన చప్పుడు. ఎక్స్‌పీ మూలన కొత్త హార్డ్‌వేరు దొరికిందంటూ పసుపు బుడగ లేస్తుంది. పోర్టు యూఎస్‌బీ001.

రేపు మళ్లీ ఈ తిప్పలు లేకుండా సెట్టింగ్స్‌లో ఫిల్టరు పెడతారు: వెండరు 04ఏ9, ప్రొడక్టు 2676. ఇక ఎక్స్‌పీ లేవగానే ప్రింటరు దానికే పోతుంది. బయట జిల్లా ఆఫీసు ఫారమో, హాల్‌టికెట్టో కొట్టాలంటే టిక్కు తీయక తప్పదు.

కంట్రోల్, పీ. రోలరు తిరుగుతుంది. వెచ్చటి కాగితం అందుకుని మేనమామ కళ్లజోడు సర్దుకుంటాడు.

"ఇదేంటయ్యా, మా బావగారి నాన్నకి కీర్తిశేషులని పెట్టావు? ఆయన నిక్షేపంగా ఉన్నాడు!"

ఆయనిచ్చిన కాగితంలో అలాగే ఉంది. మీరేమీ అనరు. ఆ మాట చెరిపేసి, మళ్లీ కంట్రోల్, పీ నొక్కుతారు.