పికప్ ఐడ్లింగ్‌లో వణుకుతోందా? ఇంజెక్టర్లు మార్చే ముందు ఇవి చూసుకోండి

బండి ఆపి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే చాలు.. స్టీరింగ్ వణుకుతుంది, గేర్ రాడ్ ఊగుతుంది, ఇంజిన్ ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోయేలా ఉంటుంది. మార్కెట్ యార్డులకు లోడు తోలే డీజిల్ పికప్ డ్రైవర్లలో చాలామందికి తెలిసిన బాధే ఇది. షెడ్డుకు తీసుకెళ్తే తరచూ వినిపించే మాట 'ఇంజెక్టర్లు పోయాయి' అని. అన్నీ మార్పిస్తే ఈఎంఐకి దాచుకున్న డబ్బంతా దానికే పోతుంది. కానీ చాలాసార్లు అసలు లోపం అంతకంటే చిన్నది.

ముందు ఎప్పుడు వణుకుతోందో గమనించాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వణికి, వేడెక్కాక సర్దుకుంటే గ్లో ప్లగ్‌లను అనుమానించాలి. ఇంజిన్ శబ్దం సమానంగానే ఉండి క్యాబిన్ మాత్రమే ఊగుతుంటే ఇంజిన్ కింది మౌంటింగ్ రబ్బర్లు చూపించాలి. వేడెక్కినా 'మిస్సింగ్' కొడుతూనే ఉంటే డీజిల్ లైన్‌తో మొదలుపెట్టాలి.

ఎక్కువ మంది పట్టించుకోనిది డీజిల్ ఫిల్టరే. డబ్బాల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోసినా, ట్యాంకు సగం ఖాళీగా రోజుల తరబడి వదిలేసినా నీరు చేరుతుంది. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం డీజిల్ పట్టాలి. నీరుంటే కాసేపటికి అడుగున విడిగా కనిపిస్తుంది. ఫిల్టర్ మార్చిన మర్నాడే వణుకు మొదలైందా? అయితే లైన్‌లో ఎయిర్ పట్టి ఉండొచ్చు. హ్యాండ్ పంప్ ఉన్న బండికి అది గట్టిపడేదాకా కొట్టాలి. పైపుల క్లిప్పులూ బిగించి చూడాలి.

యాక్సిలరేటర్ తొక్కితే సాఫీగా ఉండి, వదలగానే నల్లపొగతో వణికితే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోయిందేమో చూపించాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా నల్లపొగ వస్తుంది, కాబట్టి ముందు అది విప్పి చూడటం తేలిక.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో డీపీఎఫ్ తనంతట తాను శుభ్రపడేటప్పుడు ఐడ్లింగ్ స్పీడ్ కాస్త పెరగొచ్చు. అది రిపేరు కాదు.. ఆ టైమ్‌లో ఇంజిన్ ఆపకపోవడమే మంచిది.

ఇక అసలు ప్రమాదం ఇక్కడుంది. పాత పంపు బండ్లలో ఏ సిలిండర్ పనిచేయట్లేదో తెలుసుకోవడానికి మెకానిక్‌లు ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవారు. కామన్ రైల్ ఇంజిన్‌పై ఆ పని అస్సలు చేయకూడదు. లారీ టైరులో గాలి 8 బార్ల దగ్గర ఉంటే, ఈ పైపుల్లో డీజిల్ ఐడ్లింగ్‌లోనే 200 బార్లు దాటుతుంది, లోడు మీద 1,000 దాటిపోతుంది. సన్నటి ధార తగిలినా చర్మం చీల్చుకుని లోపలికి వెళ్తుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలు, చెయ్యి తీసేయాల్సి రావొచ్చు. లీకును చేత్తో తడిమి వెతకడమూ అంతే ప్రమాదం.

ఈ బండ్లకు స్కానర్ పెడితే ఏ సిలిండర్ వెనకబడిందో తెలుస్తుంది. ఇంజెక్టర్లపైనే అనుమానముంటే రిటర్న్ పైపులకు సీసాలు తగిలించి కొలవమని అడగాలి. ఏ సీసా మిగతావాటికంటే త్వరగా నిండితే ఆ ఇంజెక్టర్ అరిగినట్లు. అది తేలాకే మార్పించాలి, కంప్రెషన్ కూడా చూపించాలి. చాలా మోడళ్లలో కొత్త ఇంజెక్టర్ మీదున్న కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాలి. అది మర్చిపోతే కొత్తది వేసినా వణుకు పోకపోవచ్చు.