కలము పట్టిన చేయి

శ్రీకాళహస్తీశ్వరుని దర్శింపఁబోవువారు కలంకారి పనివారి యిండ్లను గూడఁ జూచి రావలయునని నా మనవి.

అచ్చట నూలుగుడ్డను కరక్కాయపొడి కలిపిన యెనుముపాలలోఁ దడిపి యారవేయుదురు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి దారము గట్టినదే వారి కలము. ఇనుపముక్కలను బెల్లపునీటఁ బలుదినము లూరవేయఁగా వచ్చు కసిమి, గుడ్డకు సోఁకఁగనే కరక్కాయగుణముచే నల్లనగును; పాలజిడ్డు దానిఁ జెదరనీయదు. పటికనీరు పూసినచోటనే యెఱుపు పట్టును. ఉదుకుటకుఁ బాఱునీరు వలయును. పూర్వము స్వర్ణముఖి యా యక్కఱ దీర్చినది.

రామాయణ భారత గాథలు వ్రాసి దేవాలయములకుఁ దెరలిచ్చిన యీ విద్య ఆదరణము లేక క్షీణించెను. 1957లో శ్రీమతి కమలాదేవీ చట్టోపాధ్యాయగారి ప్రోత్సాహమున శిక్షణాలయ మేర్పడఁగా, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు పిల్లలకు నేర్పిరి. వారి కుమారులు గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ పొందిరి.

ఒకనాఁడు నేను పోయినప్పు డొక వృద్ధుఁడు మనుమని చేయి పట్టి గీఁత దిద్దించుచుండెను. నాకు అక్షరాభ్యాసము స్ఫురించినది. గ్రంథము చినిగిన మరల వ్రాసికొనవచ్చును. చేతివిద్య యొక తరము నేర్వకున్నఁ బోవును. కావున బేరమునకు ముందు ఒక గడియ కూర్చుండి పని చూడుఁడు. మనుమలను వెంటఁ గొనిపొండు. అచ్చొత్తిన గుడ్డకును, వ్రాసిన గుడ్డకును గల భేదము వారే గ్రహింతురు.