వేటగాడి చీటీ: ఆఫ్రికా మైదానాల్లో మృగాల ఎంపిక కథ

మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు వేటకు వెళ్లి, సంగమంలో ఉన్న లేళ్ల జంటను బాణాలతో కొడతాడు. ఆ మగలేడి కిందముడనే ముని. ప్రాణం పోతూ అతడు చేసిన నింద గమనించదగినది. వేటాడటం రాజుకు తగదని అతడు అనలేదు. మృగాలను చంపడం క్షత్రియులకు అలవాటేనని ఒప్పుకున్నాడు. ఆ వేళ, ఆ స్థితిలో ఉన్న మృగాన్ని ఎంచుకోవడమే నేరమన్నాడు. వేటగాడి మంచిచెడ్డలు అతని విలువిద్యలో గాక ఎంపికలో ఉన్నాయన్న ఈ తీర్పును పట్టుకుని ఆఫ్రికా వేట గ్రంథాలను చదివితే, సింహాల గర్జనల చాటున మరుగుపడిన మరొక చరిత్ర కనబడుతుంది.

ఆ గ్రంథాల ముఖచిత్రాలన్నీ ఏనుగు, సింహం, చిరుత, ఖడ్గమృగం, అడవిదున్నలవే. లోపలి పుటల్లో ఎక్కువ భాగం మాత్రం మరో వర్గానిది. కుడూ, ఎలాండ్, జెమ్స్‌బాక్, ఇంపాలా, స్ప్రింగ్‌బాక్, వైల్డెబీస్ట్, హార్ట్‌బీస్ట్, జీబ్రా, వార్ట్‌హాగ్ అనే అడవిపంది. వీటన్నిటినీ కలిపి వేటగాళ్లు ‘ప్లెయిన్స్ గేమ్’ అంటారు, అంటే మైదాన మృగాలు. పేరు సగమే నిజం. కుడూ రాళ్లగుట్టల పొదల్లో ఉంటుంది, న్యాలా దట్టమైన చిట్టడవిని వదలదు. తెలుగు పాఠకుడు పోల్చుకోవాలంటే ఎలాండ్ మన మనుబోతు వంటిది, కాకపోతే ఇంకా చాలా భారీ. స్ప్రింగ్‌బాక్ దూరం నుంచి మన కృష్ణజింకను తలపిస్తుంది. మన దుప్పి, కణుజుల కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కుడూ, ఎలాండ్‌ల వంటి వాటి కొమ్ములు రాలవు, జీవితాంతం ఉంటాయి. ఆ కొమ్ములే వాటికి అలంకారమూ, ఆపదా అయ్యాయి.

సఫారీకి బయలుదేరేవాడు ముందుగా తేల్చుకోవలసినది ఏయే మృగాలను వేటాడాలన్నదే. ఆ చీటీ అందరి జేబులోనూ ఒకటిగా లేదు. కాలం మారినప్పుడల్లా అది మారింది, మారినప్పుడల్లా కొన్ని జాతుల నుదుటి రాత కూడా మారింది.

మొదటి చీటీ వంటింటిది. 1652లో డచ్చివారు కేప్ ప్రాంతంలో స్థిరపడిన నాటి నుంచి శతాబ్దానికి పైగా అక్కడ వేటంటే మాంసం, తోలు. అందంగా ఉన్నదా, అరుదైనదా అన్న ప్రశ్నకు తావులేదు. దగ్గరలో ఏది దొరికితే అదే వేట. నైరుతి కేప్‌లోని చిన్న ప్రాంతంలో మాత్రమే మిగిలి ఉన్న బ్లూబక్ అనే నీలిఛాయ జింక 1800 నాటికి అంతరించింది. చారిత్రక కాలంలో ఆఫ్రికా కోల్పోయిన మొదటి పెద్ద క్షీరదం అదే. తరువాతి వంతు క్వాగాది. ముందు సగం చారలతో జీబ్రాలా, వెనుక సగం గోధుమరంగు గుర్రంలా ఉండే ఈ జంతువు మాంసం పొలంలో పనివారికి తిండి, తోలు ధాన్యపు సంచులకు ముడిసరుకు. పశువులు మేసే గడ్డిని తింటుందన్న కోపం దీనికి తోడయింది. 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జంతుశాలలో ఒక క్వాగా చనిపోయినప్పుడు, అది తన జాతిలో చివరిదని అక్కడివారికి తెలియదు. నూరేళ్ల తరువాత, 1984లో, ఒక మ్యూజియంలోని క్వాగా చర్మం నుంచి శాస్త్రజ్ఞులు డీఎన్ఏ వెలికితీశారు. అంతరించిన జంతువు నుంచి డీఎన్ఏ తీయడం అదే తొలిసారి. అది మైదానపు జీబ్రాలో ఒక ఉపజాతేనని తేలింది.

రెండవ చీటీ కుతూహలానిది. దీనికి భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో ఇంజనీరైన విలియం కార్న్‌వాలిస్ హారిస్ ఆరోగ్యం చెడి, గాలిమార్పు కోసం 1836లో కేప్ చేరాడు. వైద్యులు విశ్రాంతి కోసం పంపినవాడు ఎద్దుబండ్లు కట్టించుకుని ఉత్తరానికి సాగి, మటబేలే రాజు మ్జిలికాజీ అనుమతితో నెలల తరబడి వేటాడాడు. హారిస్ విచ్చలవిడిగానే కాల్చాడు, కానీ ప్రతి జాతినీ చూడాలని, కొలవాలని, బొమ్మ గీయాలని తహతహలాడాడు. మగాలీస్‌బర్గ్ కొండల్లో అతనికి ఎదురైన నల్లని దేహం, వెనక్కి వంగిన కత్తుల వంటి కొమ్ములున్న జింకను అప్పటికి ఐరోపా శాస్త్రం ఎరగదు. సేబుల్ అని ఇప్పుడు పిలిచే ఆ మృగానికి చాలాకాలం ‘హారిస్ బక్’ అనే పేరుండేది. అతని యాత్రాగ్రంథం మొదట అచ్చయినది 1838లో, బొంబాయిలో. 1840లో వెలువడిన చిత్రసంపుటి దక్షిణాఫ్రికా మృగాలకు తొలి గొప్ప చిత్రశాల. అందులో క్వాగా ఉంది. బొమ్మ గీసిన నాటికి అది గుంపులుగా తిరుగుతున్న సామాన్య జంతువు.

హారిస్ వెంట వచ్చినవారికి ఆ కుతూహలం అంతగా లేదు. మద్రాసు అశ్వికదళంలో కొంతకాలం పనిచేసి, అక్కడి వాతావరణం పడక వెళ్లిపోయిన స్కాట్లండ్ యువకుడు రువాలిన్ గోర్డన్ కమింగ్, 1840ల్లో ఐదేళ్లు ఆఫ్రికా లోపలి ప్రాంతాల్లో వేటాడి 1850లో గ్రంథం రాశాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలో అతని కొమ్ములూ చర్మాలూ జనాన్ని విరగబడేలా చేశాయి. అతని చీటీలో కొట్టివేతలు లేవు. ఎంపిక పూర్తిగా చచ్చిపోయిన దృశ్యం చూడాలంటే 1860 ఆగస్టు 24న బ్లూమ్‌ఫాంటైన్ దగ్గర జరిగిన వేటను తలచుకోవాలి. విక్టోరియా రాణి కుమారుడు ఆల్ఫ్రెడ్ గౌరవార్థం, బరోలాంగ్ తెగ మనుషుల చేత మైలు మైళ్ల మైదానాన్ని చుట్టుముట్టించి మృగాలను తుపాకుల ముందుకు తోలించారు. పోగైన మృగాలు ఇరవై, ముప్పై వేలని అప్పటివారి అంచనా. కూలినవి వేలల్లో. గురి చూడవలసిన పనే లేదు.

ఇదే కాలంలో, ఇదే దేశంలో, ఒక విరుద్ధమైన ఎంపిక జరిగింది. హారిస్ ఉత్తరాన వేటాడుతున్న 1837లోనే, కేప్ దక్షిణపు అంచున బ్రెడాస్‌డార్ప్ ప్రాంతంలో వాన్ డెర్ బెయిల్ అనే భూస్వామి తన పొలంలో మిగిలిన బాంటెబాక్ జింకలను కంచె కట్టి కాపాడటం మొదలుపెట్టాడు. ముఖాన తెల్లని పట్టీ, వంటిపై ఊదారంగు మెరుపు ఉన్న ఆ జింక నివాసం కూడా బ్లూబక్ నివాసానికి ఇరుగే. అదీ ఆ దారినే పోవలసినది. ఇరుగుపొరుగు రైతులు కొందరు అతని బాట పట్టారు. 1931లో ప్రభుత్వం బాంటెబాక్ జాతీయ వనాన్ని ఏర్పాటు చేసినప్పుడు అందులోకి చేరినవి పదిహేడు. ఆ పదిహేడు దొరకడానికి కారణం తొంభై నాలుగేళ్ల ముందు ఒక రైతు ఏది చంపాలన్న చీటీకి బదులు ఏది చంపకూడదన్న చీటీ రాసుకోవడమే. తెల్లతోక ఉండే నల్ల వైల్డెబీస్ట్ కూడా పందొమ్మిదో శతాబ్దం చివరికి కొన్ని వందలకు పడిపోయి, కొద్దిమంది రైతుల పొలాల్లోనే బతికి బట్టకట్టింది.

మూడవ చీటీ శాస్త్రానిదని చెప్పుకున్నది. 1909లో పదవి దిగిన వెంటనే థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకు కెర్మిట్‌తో స్మిత్సోనియన్ సంస్థ పక్షాన తూర్పు ఆఫ్రికాకు వెళ్లాడు. వెంట ముగ్గురు ప్రకృతి శాస్త్రజ్ఞులు. వారిలో ఎడ్గర్ మెర్న్స్ అమెరికా సైన్యంలో వైద్యుడుగా పనిచేసినవాడు. ఎలుకలు, పక్షులతో సహా వారు పంపిన నమూనాలు సుమారు పదకొండు వేల నాలుగు వందలు. తండ్రీకొడుకులు స్వయంగా కొట్టిన పెద్ద మృగాలు 512. ఆ లెక్కను రూజ్‌వెల్ట్ 1910 నాటి తన గ్రంథంలో జాతుల వారీగా దాచకుండా అచ్చువేశాడు. మ్యూజియానికి పెద్ద కొమ్ముల మగది ఒక్కటి చాలదు. ఆడది, పిల్ల, వేర్వేరు ప్రాంతాల రకాలు కావాలి. రెండువందలకు పైబడిన కూలీలకు మాంసం కావాలి. గోడకు తగిలించుకోవడానికి తాము దాచుకున్నవి డజను మాత్రమేనని అతడు చెప్పుకున్నాడు. ఆ వాదనలో నిజం ఉంది. అయితే ‘శాస్త్రం కోసం’ అన్న మాట ఏ జంతువునూ చీటీ నుంచి తప్పించదన్నదీ నిజమే.

నాలుగవ చీటీ అంగుళాలది. లండన్‌లో చచ్చిన జంతువులకు సజీవరూపం కల్పించే వృత్తిలో ఉన్న రోలాండ్ వార్డ్ 1892లో ప్రపంచపు మృగాల కొమ్ముల కొలతలను గ్రంథంగా వెలువరించాడు. అది కూర్పు వెంట కూర్పుగా నేటికీ వస్తూనే ఉంది. దక్షిణాది కుడూకు అందులో చోటు దొరకాలంటే మెలిక వెంట కొలిచిన కొమ్ము దాదాపు 54 అంగుళాలుండాలి. ఈ కొలబద్ద మనిషి మనసులో ఏమి చేస్తుందో హెమింగ్వే 1935 నాటి ‘గ్రీన్ హిల్స్ ఆఫ్ ఆఫ్రికా’లో నిర్మొహమాటంగా రాశాడు. యాత్ర చివరి రోజుల్లో ఎంతో శ్రమపడి రెండు మంచి కుడూలను కొట్టి, విజయగర్వంతో శిబిరానికి వస్తే, సహచరుడు కార్ల్ అప్పటికే అంతకంటే పెద్దదాన్ని తెచ్చి ఉంటాడు. క్షణం క్రితం అపురూపమైన కొమ్ములు ఒక్కసారి చిన్నవైపోతాయి. ఆ చేదును తెల్లవారేదాకా మింగవలసి వస్తుంది. ఆ గ్రంథంలో మిగిలిన సాహసాలకంటే ఈ అసూయే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

నేటి చీటీ ధరల పట్టిక. దక్షిణాఫ్రికాలో 1991 నాటి చట్టం, తగిన కంచె వేసిన భూమిలోని అడవి జంతువుపై భూయజమానికి యాజమాన్య హక్కును భద్రపరచింది. పశువుల మందలను తీసేసి మృగాలను తెచ్చుకున్న పొలాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. ఇంపాలాకు ఇంత, కుడూకు ఇంత, సేబుల్‌కు ఇంత అని ముందే ధర చెబుతారు. గాయపడి తప్పించుకుపోయినా చెల్లించాల్సిందే. ఇది హృదయం లేని బేరమని నిరసించేవారున్నారు. వారికి ఎదురుగా నిలిచే ఉదాహరణ కెన్యా. 1977లో వేటను నిషేధించిన ఆ దేశంలో, 2016 వరకు జరిగిన లెక్కింపుల ప్రకారం పెద్ద అడవి జంతువులు సగటున 68 శాతం తగ్గాయి. కారణం నిషేధమొక్కటే కాదు. జనాభా, పశువుల మేత, కంచెలు, దొంగవేట అన్నీ కలిశాయి. అయినా తుపాకీ దించినంత మాత్రాన మృగం బతకదని, దానికి నేల మిగలాలని ఆ అంకె చెబుతూనే ఉంది.

ఈ పరిస్థితిలో వేటగాడి ఎంపికకు మునుపెన్నడూ లేనంత బరువు వచ్చింది. మంచి మార్గదర్శకుడు జాతి పేరు కంటే వయసు అడుగుతాడు. కుడూ మగదాని కొమ్ము రెండున్నర మెలికలు తిరగడానికి ఆరేళ్లు పడుతుంది. అంతకు ముందే కొడితే సంతతికి గండి. ఇంపాలాల్లో మందను ఏలుతున్న మగదాన్ని వదిలి, ఏలుబడి ముగిసి పక్కకు తప్పుకున్న ముసలిదాన్ని వెదకాలి. జీబ్రాలో ఆడా మగా ఒక్కలాగే కనబడతాయి. మగది కొన్ని ఆడవాటినీ పిల్లలనూ వెంటబెట్టుకుని స్థిరమైన కుటుంబంగా తిరుగుతుంది కనుక తొందరపాటు ఆ కుటుంబాన్నే విడదీస్తుంది. జెమ్స్‌బాక్ సంగతి మరీ చిత్రం. ఆడామగా రెంటికీ కొమ్ములుంటాయి. మగవాటివి లావు, ఆడవాటివి సన్నగా, మరింత పొడవుగా ఉంటాయి. పొడవొక్కటే కొలమానమైతే, రికార్డు గ్రంథం కోరేది ఈనగల ఆడదాన్ని.

చీటీ మృగాలనే మలచడం మొదలుపెట్టిన తరువాత చిక్కులు మరింత ముదిరాయి. వారం రోజుల్లో ఒకే పొలంలో పది జాతులు కావాలనే అతిథి కోసం యజమానులు బాంటెబాక్‌నూ దాని దాయాది బ్లెస్‌బాక్‌నూ, నల్ల వైల్డెబీస్ట్‌నూ నీలి వైల్డెబీస్ట్‌నూ ఒకే కంచెలో ఉంచారు. ప్రకృతిలో వేరువేరుగా బతికిన ఆ జంటలు కలిసి సంకర సంతానాన్ని కన్నాయి. తుపాకుల నుంచి తప్పించిన జాతులకు కంచె లోపల కొత్త ముప్పు వచ్చింది. గోడకు కొత్తదనం కోసం నల్ల ఇంపాలాలు, బంగారురంగు వైల్డెబీస్ట్‌లు ప్రత్యేకంగా పెంచి, వేలంలో కళ్లు తిరిగే ధరలకు అమ్మారు. ఆ మోజు తగ్గాక ధరలు కుప్పకూలాయి.

ముసలి కుడూ కొమ్ముల కొనలు ఏళ్ల తరబడి పొదలకూ మట్టికీ రాసుకుని అరిగిపోతాయి. టేపు పెడితే, నడివయసులో మందను నడిపించే దానికంటే అవి రెండు మూడు అంగుళాలు తక్కువే చూపవచ్చు. రోలాండ్ వార్డ్ పుటల్లో దానికి చోటు దొరకకపోవచ్చు. అయినా మంద నుంచి తీసినా లోటు తెలియనిది ఆ అరిగిన కొమ్ములదే. దాన్ని ఎంచుకునేవాడు రికార్డు గ్రంథాన్ని ఇంట్లోనే వదిలి రావాలి.