గోడల మీద లావు అక్షరాలు

ఒక ఉద్యమ చరిత్ర వ్రాసేటప్పుడు మనం దాని భావాలను పరిశీలిస్తాం, భాషను పరిశీలిస్తాం. ఆ భావం ఏ అక్షరంలో అచ్చుపడి ప్రజల కంటికి ఆనిందో పట్టించుకోం. అది ప్రెస్సువారి సంగతి అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 19వ శతాబ్దపు ఇంగ్లీషు గోడప్రకటనల నకళ్ళు చూసిన తరువాత నా అభిప్రాయం మార్చుకోక తప్పలేదు.

అంతకు పూర్వం ఐరోపాలో అచ్చక్షరం ప్రధానంగా పుస్తకానిది. తీరికగా కూర్చుని చదివేవానిది. పారిశ్రామిక విప్లవం లండన్ వీధులను జనంతో నింపింది. నడిచిపోయేవాణ్ణి నిలబెట్టే అక్షరం వ్యాపారానికి కావలసి వచ్చింది. ఆ శతాబ్దపు తొలి సంవత్సరాలలో టైపు ఫౌండ్రీలవారు పుస్తకపు అక్షరాన్నే తీసుకొని దాని లావుగీతలను విపరీతంగా బలిపించారు; సన్నగీతలను, చివర్ల నుండే సెరిఫు అడ్డగీతలను వెంట్రుకవాసిగానే వుంచారు. వీరిలో రాబర్ట్ థోర్న్ పేరు ముందు చెబుతారు. 1820లో అతడు చనిపోగా, ఆ ఫౌండ్రీని విలియం థొరోగుడ్ లాటరీలో గెలిచిన డబ్బుతో కొన్నాడంటారు. లాటరీ ప్రకటనలు అచ్చయినదీ యీ లావు అక్షరాలలోనే!

ప్రకటనలు గోడలెక్కడానికి మరొక కారణం పన్ను. 1815 నుండి పత్రికలో ప్రతి ప్రకటన మీదా 3 షిల్లింగుల 6 పెన్నీలు చెల్లించవలసి వుండేది. 1833లో తగ్గించినా, 1853 దాకా అది పూర్తిగా పోలేదు. గోడకు ఆ పన్ను లేదు.

1845లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ క్లారెండన్ టైపును విడుదల చేసింది. దాని సెరిఫులు దిట్టమైనవి. నిలువుగీతలోకి వంపు తిరిగి కలిసేవి. కనుక ఒత్తిడికి త్వరగా విరగవు. బెస్లీ దానికి మూడేళ్ళ చట్టరక్షణ సంపాదించాడు. గడువు తీరగానే ఇతర ఫౌండ్రీలు అనుకరించాయి. బెస్లీ 1869లో లండన్ లార్డ్ మేయరయ్యాడు. ఆ అక్షరాలను చెక్కిన బెంజమిన్ ఫాక్స్ పేరు తెలిసినవారెందరు?

సీసపు అక్షరం మరీ పెద్దదైతే బరువు, ఖర్చు. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ యంత్రంతో చెక్క టైపు కోయడం మొదలుపెట్టాడు. ఆ తరువాత పెద్ద అక్షరం చిన్న ప్రెస్సుకూ అందింది.

ఇక్కడే అసలు విషయం వున్నది. ఏ అక్షరాలు బానిసల వేలాన్ని చాటాయో, అవే 1851 ఏప్రిల్ 24న బోస్టన్‌లో నల్లజాతి ప్రజలను హెచ్చరించాయి: నగర పోలీసులు పారిపోయి వచ్చిన బానిసలను పట్టి యిచ్చేవారుగా మారారు, వారితో మాట్లాడవద్దు, జాగ్రత్త! 1848 ఏప్రిల్‌లో లండన్‌లో చార్టిస్టులు కెన్నింగ్టన్ సభకు కార్మికులను పిలిచిన ప్రకటనా, ఆ సభ చట్టవిరుద్ధమన్న పోలీసుల ప్రకటనా గోడల మీదనే తలపడ్డాయి.

అక్షరం దానంతటది ఏ పక్షమూ కాదని దీనర్థమా? నేనలా అనుకోను. లాభం కోసం తయారైన అక్షరాన్ని శ్రామికులు చేజిక్కించుకున్నారు. ప్రభువుల గొంతుకు సమానమైన పరిమాణంలో తమ మాటను నిలబెట్టారు. రూపం అలంకారం మాత్రమేనని తోసివేసే మిత్రులు యీ సంగతి ఆలోచించాలి. భావం ఎంత న్యాయమైనదైనా, దారిన పోయేవాని కంటికి ఆనకపోతే అది మన సంచిలోనే వుండిపోతుంది.