గుర్రపు కుంటు

విరాటపర్వంలో నకులుడు తనకు అశ్వవైద్యం తెలుసునని చెప్పుకొన్న ఘట్టాన్ని బోధించినప్పుడల్లా నన్నొక ప్రశ్న వేధించేది: నోరులేని గుర్రానికి ఏ కాలు నొప్పో తెలిసేదెలా?

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్, గుర్రం కొనేటప్పుడు మోసపోకుండా మొదట గిట్టలే చూడమన్నాడు. పునాది చెడితే పైకట్టడమెంత బాగున్నా వ్యర్థమట! మేలైన గిట్ట నేలపై తాళంలా మోగుతుందన్న సీమోను మాటనూ ఉదహరించాడు. (మన చెవులకెంత దగ్గరి ఉపమానం!)

అయితే కుంటును పట్టిచ్చేది తల. నెమ్మదిగా పరుగెత్తించినప్పుడు, నొప్పిగల ముందుకాలు నేలకానగానే గుర్రం తల పైకెత్తుతుంది. మంచికాలు ఆనినప్పుడు దించుతుంది. దించినప్పటి కాలిదే నొప్పి అని చాలామంది పొరబడతారు. నా చిన్ననాట మా వీధి జట్కా తాత అలాగే మంచికాలికి పసుపుకట్టు కట్టి, నెలరోజులు బండి తోలాడు.